పాత చర్చి స్థలం: డెవలపర్‌కా, అద్దెకా, మనమే నడుపుకోవాలా? విశాఖ సంఘాలకు ఒక పోలిక

విశాఖ వన్‌టౌన్‌లోనూ, వాల్తేరు వైపూ ఉన్న పాత చర్చిలకు ఇప్పుడు ఇంచుమించు ఒకే చిక్కు వచ్చిపడింది. స్థలం పెద్దది, సంఘం చిన్నదైపోయింది. ఒకప్పుడు గంట వినబడే దూరంలో కాపురం ఉన్న కుటుంబాలు ఎంవీపీ కాలనీకి, మధురవాడకి, గాజువాకకి వెళ్లిపోయాయి. క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి చర్చి నిండుతుంది. మామూలు ఆదివారం వెనక బెంచీలు ఖాళీగా ఉంటాయి. వచ్చిన కానుకలు కరెంటు బిల్లుకి, వాచ్‌మన్ జీతానికి సరిపోతాయి కానీ పైకప్పు బాగుచేయించడానికి చాలవు. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు వచ్చి, "ఇంత స్థలం పెట్టుకుని ఇన్ని ఇబ్బందులు ఎందుకండీ?" అని అడుగుతారు.

అడగవలసిన ప్రశ్నే అది. జవాబు చెప్పవలసింది మాత్రం కమిటీలో కూర్చునే వాళ్లు, అడిగిన మనిషి కాదు. ఇది ఆ కమిటీ వాళ్ల కోసమే రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ దారిలో ఎక్కువ డబ్బు వస్తుందనేది రెండో ప్రశ్న. తీసుకున్న నిర్ణయం తప్పని పదేళ్ల తర్వాత తేలితే దాన్ని వెనక్కి తీసుకోగలమా అనేది మొదటి ప్రశ్న. కింద చెప్పే దారులన్నిటినీ నేను ఆ లెక్కలోనే చూశాను.

చర్చి ఆవరణలో ఆరాధన తప్ప ఇంకేమీ జరగకూడదనే పెద్దలు ప్రతి సంఘంలో ఉంటారు. వాళ్ల భక్తి మీద నాకు గౌరవం ఉంది. కానీ మన ఊరి చరిత్ర అలా నడవలేదు. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖకు వచ్చి ప్రార్థనలతో పాటు బడి నడిపారు, సువార్తలను తెలుగులోకి తెచ్చే పని మొదలుపెట్టారు. సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ ఫాదర్లు ఇక్కడికి వచ్చింది 1846లో. పాతనగరంలోని సెయింట్ అలోషియస్ బడి 1847 నాటిది. మిషన్ కాంపౌండ్ అంటే మొదటినుంచీ చర్చి, బడి, బంగళా, బావి, చెట్లు అన్నీ కలిసిన చోటే. వారమంతా మనుషులు మసిలే చోటు ఆదివారం మాత్రమే తెరిచే చోటుగా మారింది ఈమధ్యనే.

లెక్క వేసేముందు గోడలు చూడండి

ఎంత ఆదాయం కావాలో తెలియకుండా ఆదాయ మార్గాల గురించి మాట్లాడుకోవడం వల్లే చాలా కమిటీలు పెద్ద ఒప్పందాలకు లొంగిపోతాయి. కట్టడాన్ని నిలబెట్టడానికి ఏడాదికి ఎంత కావాలో ముందు తేలాలి. మనకు కావలసిన ఆదాయం అంతే. స్థలం మార్కెట్ విలువ ఎంతో ఆ లెక్కలోకి రాదు.

వానలు తగ్గిన వారం పది రోజులకు చర్చి చుట్టూ ఒకసారి నడవండి. నేల నుంచి మోకాలి ఎత్తు వరకు గోడను చేత్తో తడిమి చూడండి. పెచ్చులు ఊడి, తెల్లటి పొడి వేళ్లకు అంటుకుంటే అది ఉప్పు. సముద్రపు గాలిది కొంత, నేలలోంచి పైకెక్కే చెమ్మతో వచ్చింది కొంత. మన పాత గోడలు గానుగ సున్నంతో కట్టినవి. ఆ సున్నం చెమ్మను పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూత వేశామంటే చెమ్మకు బయటికి దారి ఉండదు. ఉప్పు పూత వెనకే గడ్డకట్టి లోపలి ఇటుకను, ఖోండలైట్ రాయిని పిండి చేస్తుంది. కొన్నాళ్లకు సిమెంటు పలకలు పలకలుగా ఊడి పడుతుంది, లోపలి ఇటుకను కూడా లాక్కుని. అప్పుడు మేస్త్రీ మరింత మందంగా సిమెంటు వేద్దామంటాడు. ప్లాస్టిక్ పెయింటు చేసే కీడూ ఇదే. బాగుచేయాలంటే సిమెంటు చెక్కించేసి, సున్నం గార వేయించి, పైన సున్నం కొట్టించాలి. ఆ పని తెలిసిన మేస్త్రీలు తక్కువ. పాత కట్టడాల పని చేసిన ఆర్కిటెక్టును కానీ, పాత కట్టడాల పరిరక్షణ సంస్థ ఇంటాక్ విశాఖ చాప్టర్ వాళ్లను కానీ అడిగితే దారి చూపిస్తారు.

తర్వాత పైకప్పు. మంగుళూరు పెంకు అయితే జారిన పెంకులు, చెదలు పట్టిన వాసాలు చూడాలి. మద్రాసు టెర్రస్ (టేకు దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన చదును కప్పు) అయితే టేకు దూలాలు గోడలోకి దిగే చోట చూడాలి, పుచ్చు అక్కడినుంచే మొదలవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్ల పైచిలుకు గాలితో విరుచుకుపడిన రోజు ఈ ఊళ్లో ఎవరూ మరిచిపోరు. పెంకులు కట్టుదిట్టంగా లేని కప్పు మరో తుపానుకు ఆగదు. వాననీటి గొట్టాలు, కాలవలు శుభ్రం చేయించడం అన్నిటికంటే చవకైన మరమ్మతు. అందుకే కాబోలు, అందరూ దాన్నే వాయిదా వేస్తారు.

ఈ పనులన్నిటికీ ఒక ఇంజినీరుతో అంచనా రాయించుకోండి. ఒక్కసారి పెట్టే ఖర్చు వేరు, ఏటేటా పెట్టే ఖర్చు వేరు. మొదటిదానికి విరాళాలు, కృతజ్ఞతార్పణలు అడగవచ్చు. ఏటా కావలసిన దానికే నిలకడైన ఆదాయం చూసుకోవాలి. చాలా చోట్ల ఈ రెండో అంకె కమిటీ భయపడినంత పెద్దదిగా ఉండదు.

స్థలం ఎవరి పేరు మీద ఉంది?

సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం) సంఘాల ఆస్తి సాధారణంగా సీఎస్ఐ ట్రస్ట్ అసోసియేషన్ పేరు మీద ఉంటుంది, స్థానిక కమిటీ దాన్ని చూసుకుంటుంది, అంతే. డయాసిస్ (బిషప్ పరిధి) ద్వారా అనుమతి రాకుండా అమ్మకం కాదు కదా, దీర్ఘకాలపు లీజు కూడా చెల్లదు. కాథలిక్ పారిష్‌లలో ఆస్తి చేయి మారాలంటే చర్చి చట్టం ప్రకారం బిషప్ అనుమతి, ఆర్థిక మండలి సమ్మతి కావాలి. విలువ ఒక హద్దు దాటితే రోము దాకా వెళ్లాలి. మిగతా మిషన్‌ల ఆస్తులకు వాటి ట్రస్టు పత్రమే ఆధారం.

కాబట్టి ఎవరితోనైనా మాట్లాడేముందు టౌన్ సర్వే రిజిస్టర్ నకలు, ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే ధ్రువపత్రం), పాత దస్తావేజు తీయించండి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఎ నిషేధ జాబితాలో ఉందేమో చూడండి. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు ఉంటే తీరప్రాంత నియంత్రణ నిబంధనలు, అదే సీఆర్‌జెడ్, వర్తిస్తాయి. పాతనగరంలో, బీచ్ రోడ్డు పక్కన ఉన్న స్థలాలకు ఇది చాలా ముఖ్యం. ఎన్ని అంతస్తులైనా వేయొచ్చని వచ్చిన డెవలపర్ ఈ సంగతి మొదటి మీటింగులో చెప్పడు.

డెవలపర్ ఒప్పందం

అన్నిటికంటే ఆకర్షణీయంగా కనబడేది ఇదే. పైసా పెట్టక్కర్లేదు, సగం వాటా మీది, కొత్త చర్చి కూడా కట్టిస్తాం అంటారు. అడ్వాన్సు చెక్కు ఆ రోజే చూపిస్తారు.

నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం, కారణం చెబుతాను. అపార్ట్‌మెంటు కట్టి ఫ్లాట్లు అమ్మినప్పుడు కొన్న ప్రతివాళ్లకూ భూమిలో అవిభాజ్య వాటా రిజిస్టర్ అవుతుంది. అంటే డెవలపర్ వాటా కిందికి వెళ్లిన భూమి శాశ్వతంగా పోయింది. వందేళ్ల తర్వాత ఆ కట్టడం కూలిపోయినా ఆ వాటా చర్చికి తిరిగి రాదు. ఇక జీపీఏ (మన తరఫున వ్యవహరించే అధికారపత్రం) మీద సంతకం పెట్టాక పని మధ్యలో ఆగిందంటే పరిస్థితి మరీ ఘోరం. పాత కట్టడం పడగొట్టేసి ఉంటుంది, కొత్తది లేవదు, కేసు కోర్టులో నలుగుతుంది. ఆరాధన షామియానా కింద జరుగుతుంది. పర్యావరణం లెక్కలో చూసినా అంతే. నూటయాభై ఏళ్ల గోడలకు కావలసిన ఇటుక, సున్నం, టేకు ఎప్పుడో ఖర్చయిపోయాయి. వాటిని పడగొట్టి సిమెంటుతో, ఇనుముతో మళ్లీ కట్టి, దానికి పర్యావరణ హిత భవనం అని పేరు పెట్టినంత మాత్రాన లెక్క సరిపోదు.

ఖాళీ స్థలంలో చర్చి ముట్టుకోకుండా కడతామంటే? భూమి వాటా రాసివ్వకుండా, నిర్ణీత కాలపు లీజు మీద, గడువు తీరాక కట్టడంతో సహా చర్చికి వచ్చేలా అయితే కూర్చుని మాట్లాడవచ్చు. ఆ షరతు వినగానే వచ్చినవాళ్లలో చాలామంది లేచి వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి.

రోడ్డు పక్కన దుకాణాలు

పూర్ణామార్కెట్, కురుపాం మార్కెట్ చుట్టుపక్కల రోడ్డు మీద పది అడుగుల ముఖం ఉన్న గదికి కూడా గిరాకీ ఉంటుంది. ప్రహరీ వెంట నాలుగు గదులు వేస్తే నెలనెలా అద్దె వస్తుంది. పెట్టుబడి తక్కువ, ఆదాయం నిలకడ. డెవలపర్ దారితో పోలిస్తే ఇది వంద రెట్లు నయం.

చిక్కంతా ఖాళీ చేయించడం దగ్గరే. తండ్రి తీసుకున్న దుకాణంలో కొడుకు, ఆ కొడుకు దగ్గర ఇంకొకరు ఉపఅద్దెకి ఉండి, పాతికేళ్ల నాటి అద్దె కడుతున్న చర్చి గదులు ఉత్తరాంధ్రలో కొత్తేమీ కాదు. మా మీటింగులో ఒక పెద్దావిడ లేచి, "పాస్టరు గారూ, పదేళ్లకి రాసిచ్చేస్తే పదేళ్లయ్యాక అడిగేదెవరండీ? అప్పటికి మీకు ట్రాన్స్‌ఫర్ అయిపోతుంది కదా" అన్నారు. అంతకంటే సూటిగా ఈ సమస్యను ఎవరూ చెప్పలేరు. పాస్టర్లు మారతారు, కమిటీలు మారతాయి, అద్దెకున్నవాడు మారడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందు పోయేది కూడా ఈ గదులే. పోయిన స్థలానికి నగరపాలక సంస్థ జీవీఎంసీ ఇచ్చే టీడీఆర్ బాండు (అభివృద్ధి హక్కుల పత్రం) పోయిన అద్దెకు బదులు కాదు.

పన్ను సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వ్యాపార అద్దె మీద జీఎస్టీ 18 శాతం. అయితే ఆదాయపు పన్ను చట్టం కింద ధార్మిక సంస్థగా నమోదై, అందరికీ తెరిచి ఉన్న ప్రార్థనా స్థలం ఆవరణకు ఒక మినహాయింపు ఉంది. దుకాణం అద్దె నెలకు 10,000 రూపాయల లోపు, హాలు లేదా ఖాళీ ఆవరణ అద్దె రోజుకు 10,000 లోపు, గది అద్దె రోజుకు 1,000 లోపు ఉంటే జీఎస్టీ పడదు. చిన్నచిన్న అద్దెలతో నడిచే సంఘానికి ఇది పెద్ద ఊరట. ఆస్తి పన్ను మినహాయింపు మాత్రం ఆరాధనకు వాడే కట్టడానికే, అద్దెకిచ్చిన భాగానికి కట్టాల్సిందే. ఆ భాగానికి కరెంటు మీటరు కూడా వేరుగా పెట్టించండి.

సెల్ టవరు గురించి ఎక్కువ చెప్పను. గంట గోపురం మీద వద్దు. బరువు, కంపనం, డ్రిల్లింగు పాత సున్నపు కట్టుబడికి మంచివి కావు, ఒప్పందాలు కూడా మరీ దీర్ఘకాలం ఉంటాయి. పే పార్కింగ్ సులువైనదే, ఎప్పుడంటే అప్పుడు మానేయవచ్చు. కానీ చెట్లు కొట్టి సిమెంటు పరిచి చేసే పార్కింగ్ అయితే వద్దు.

పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు

ముహూర్తాల రోజుల్లో మంచి రాబడి. కానీ డీజే హోరు, వంట పొగ, మిగిలిన ప్లేట్లు, శనివారం రాత్రి ఫంక్షన్ అయిపోయాక ఆదివారం ఉదయం ఆరాధనకు ఊడ్చుకునే పని కూడా ఆ రాబడితోనే వస్తాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు చట్టం ఒప్పుకోదు. పక్కన ఆసుపత్రి, బడి ఉంటే ముందే ఆలోచించుకోవాలి. సమాధుల తోట ఆనుకుని ఉన్న ఆవరణలో ఫంక్షన్లు నాకు ససేమిరా ఇష్టం లేదు. మన తాతముత్తాతలు పడుకున్న చోట ఐస్‌క్రీమ్ కౌంటర్ పెట్టిస్తే ఎంత అద్దె వచ్చినా ఆ కుటుంబాల మొహం చూడలేం. విడిగా పారిష్ హాలు ఉంటే శనివారం వదిలేసి, చిన్న కార్యక్రమాలకు పగటిపూట ఇవ్వవచ్చు.

వారమంతా మనుషులకు పనికొచ్చే చోటు

నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే, కష్టం కూడా దీనిలోనే ఎక్కువ. వన్‌టౌన్‌కీ మహారాణిపేటకీ దగ్గర్లో ఉన్న సంఘాలకు ఒక అవకాశం కళ్లెదుటే ఉంది. కేజీహెచ్‌కి, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రికి, శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు ఏజెన్సీ, ఒడిశా నుంచి కూడా రోగులు వస్తారు. రోగికి మంచం దొరుకుతుంది, వెంట వచ్చిన భార్యకో కొడుకుకో దొరకదు. వరండాల్లో, చెట్ల కింద దుప్పటి పరుచుకుని పడుకుంటారు. చాలా మిషన్ కాంపౌండ్‌లలో పాత అయ్యగారి బంగళా తాళం వేసి ఉంది. ఎత్తైన కప్పు, చుట్టూ వరండా, గాలి ఆడే కిటికీలు. నాలుగు పెద్ద గదుల్లో పడకలు, బయట కొత్తగా మరుగుదొడ్లు, బట్టలు ఉతుక్కునే రాయి, వండుకోవడానికి ఒక షెడ్డు ఏర్పాటు చేస్తే తక్కువ అద్దెకు అటెండెంట్ల వసతి అవుతుంది. గోడలు పడగొట్టనక్కర్లేదు. రేపు నడపలేకపోతే మంచాలు తీసేసి తాళం వేసుకోవచ్చు.

కష్టం ఎక్కడంటే మనుషుల దగ్గర. రాత్రి డ్యూటీకి ఒకరు, శుభ్రానికి ఇద్దరు, రిజిస్టరు, ఆధార్ నకళ్లు, ఆడవాళ్లకు వేరే గది, ఫైర్ ఏర్పాట్లు. ఇది స్వచ్ఛంద సేవ మీద ఆరు నెలలు నడుస్తుంది, ఆ తర్వాత జీతం ఇచ్చే మనిషి కావాలి. అందుకని లాభం ఆశించకండి. బంగళా మరమ్మతు ఖర్చు, జీతాలు దానికదే రాబట్టుకుంటే గెలిచినట్టే.

అంత శక్తి లేని సంఘానికి రీడింగ్ రూమ్ ఉంది. గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలు ఇరుకు ఇళ్లలో అవస్థ పడుతున్నారు. సండే స్కూల్ హాలు ఆరు రోజులు ఖాళీగానే ఉంటుంది. బల్లలు, ఫ్యాన్లు, తాగే నీళ్లు, నెలకు చిన్న రుసుం ఉంటే చాలు. అన్ని మతాల పిల్లలకూ తలుపు తెరిచి ఉంచాలి. రాస్ హిల్ మీద చర్చి, పక్క కొండల మీద దర్గా, వేంకటేశ్వరస్వామి గుడి ఉన్న ఊరు మనది, ఇది వేరే చెప్పాల్సిన పని లేదు.

సోలారు, వాననీరు

వీటిని ఆదాయంగా కాక ఖర్చు తగ్గించే మార్గంగా చూడండి. ఒక కిలోవాట్ సోలారుకు నీడ పడని 100 చదరపు అడుగుల చోటు కావాలి, రోజుకు సగటున 4 యూనిట్ల దాకా వస్తుంది. చర్చి ఒక్కటే అయితే వాడకం ఆదివారం కొన్ని గంటలే కాబట్టి ముందు నెట్ మీటరింగ్ (మిగిలిన కరెంటును గ్రిడ్‌కి ఇచ్చి బిల్లులో తగ్గించుకునే ఏర్పాటు) సంగతి కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌తో తేల్చుకోవాలి. ఆవరణలో బడో హాస్టలో ఉంటే వాడకం పగలే ఉంటుంది, పెట్టిన డబ్బు త్వరగా తిరిగొస్తుంది. కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సోలారు సబ్సిడీ ఇళ్లకే, చర్చికి రాదు. ఇంగ్లండులో గ్లోస్టర్ కెథడ్రల్ 2016లో తన పాత కప్పు మీదే 150 ప్యానెళ్లు పెట్టుకుంది, కానీ అక్కడి కప్పు వేరు, మన పెంకుటి కప్పు వేరు. మన దగ్గర పారిష్ హాలు ఆర్‌సీసీ శ్లాబు మీద పెట్టండి, చర్చి మీద వద్దు. ఉప్పుగాలికి తుప్పు పట్టని ఫ్రేమ్, తుపానుకు ఆగే యాంకరింగ్ అడగండి. ఈ రెండిట్లో బేరమాడకండి.

విశాఖలో ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద పడేది దాదాపు 90,000 లీటర్లు, అందులో 70,000 వరకు పట్టుకోవచ్చు. పాత బావి ఉంటే పూడిక తీయించి, కప్పు నీళ్లు వడకట్టి దాంట్లోకి మళ్లించండి. తీరానికి దగ్గర ఉన్న బావుల్లోకి ఉప్పునీరు ఎక్కకుండా ఈ మంచినీరు కొంత అడ్డుకుంటుంది. గోడల పునాది దగ్గర మాత్రం ఇంకుడు గుంత తవ్వకండి, చెమ్మ మళ్లీ గోడకే ఎక్కుతుంది.

మీ ఆవరణను బట్టి

పాత బంగళా ఉండి కేజీహెచ్ దగ్గరైతే అటెండెంట్ల వసతికే నా ఓటు. బడి ఉన్న ఆవరణ అయితే సోలారు, వాననీరు ముందు, తర్వాత సాయంత్రం రీడింగ్ రూమ్. రోడ్డు ముఖం తప్ప మరేమీ లేకపోతే రెండు మూడు దుకాణాలు, అంతకు మించి వద్దు. చర్చి, సమాధుల తోట మాత్రమే ఉంటే ఆదాయం కోసం ఆవరణను పీకకండి. ఊరు వదిలి వెళ్లిన కుటుంబాలకు ఉత్తరం రాసి, సమాధుల నిర్వహణకు ఏడాది చందా అడగండి. విదేశాల్లో ఉన్నవాళ్లు పంపుతామంటే జాగ్రత్త. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదు లేకుండా తీసుకోకూడదు.

ఏది ఎంచుకున్నా కాగితం గట్టిగా ఉండాలి. లీజు రిజిస్టర్ చేయించాల్సిందే. మూడేళ్లకు మించి ఇవ్వకండి, అద్దె ఏటా ఎంత పెరుగుతుందో అందులోనే రాయండి. ఉపఅద్దె నిషేధం, గోడకు మేకు కొట్టాలన్నా రాతపూర్వక అనుమతి, గడువు తీరాక ఉంటే రెట్టింపు అద్దె, ఇవన్నీ రాయించండి. డయాసిస్ అనుమతి పత్రం నకలు లీజుకు జతచేయండి. వచ్చే అద్దె మరమ్మతుల పేరుతో విడిగా తెరిచిన బ్యాంకు ఖాతాలోనే పడాలి, ట్రెజరర్‌తో పాటు కమిటీలో లేని సంఘ సభ్యురాలు ఒకరు సంతకం పెడితేనే తీసేలా ఉండాలి. ఒప్పందాల గడువు తేదీలన్నీ ఒక పెద్ద కాగితం మీద రాసి వెస్ట్రీ (పాస్టరు గారి గది) గోడకు అంటించండి. తర్వాత వచ్చే పాస్టరు గారు మొదటి రోజే చూస్తారు.